వదిన కొలతలు

మా సువార్తమ్మ వదినకు కుట్టుపనంటే ప్రాణం. అందుకని ఏటా క్రిస్మస్ కానుకగా గుడ్డే ఇస్తాను. జనవరి వచ్చేసరికి అది మా అమ్మాయికి గౌనై తిరిగి వస్తుంది. అది వదిన ఆప్యాయత అనుకుని ఇన్నేళ్లూ మురిసిపోయాను.

ఈ సాయంత్రం బట్టల రేషనులో దొరికిన పూల వాయిలు గుడ్డ పట్టుకుని ఇంగ్లీషుపాలెంలో వాళ్లింటికి వెళ్లాను. వదిన మిషను ఆపకుండానే గుడ్డను వేళ్లతో నలిపి చూసి, "ఎవరి కొలతలు?" అన్నది.

"నీవే వదినా. పండక్కి జాకెట్టు కుట్టించుకో."

"ఎవరిచేత కుట్టించుకోను?" అని నవ్వింది. "నా కొలతలు నాకేం తెలుసు? పాత జాకెట్టు పరిచి కత్తిరించుకుంటాను. వీపు కొలత ఎవరికి వాళ్లు తీసుకోలేరు గదా."

టేపు నేనే అందుకున్నాను. బి.ఏ. చదివి ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నానన్న మాటే గాని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"అంత బిగించకు అమ్మాయీ, నేను ఊపిరి పీల్చుకోవాలి" అన్నది వదిన.

భుజం నుంచి భుజానికి పదమూడు అంగుళాలు. మనిషి ఇంత చిక్కిపోయిందని నాకు ఇవాళే తెలిసింది. వీధిలో అందరి కొలతలూ ఉన్న ఆమె పుస్తకంలో ఆమె పేరు మొదటిసారి నేను రాశాను.

ఇంటికి వచ్చినా మనసు కుదుటపడలేదు. ఇన్నేళ్లూ నేను ఇచ్చింది కానుకా, పనా? ఆ జాకెట్టు కుట్టుకుంటుందన్న నమ్మకమూ లేదు. మీ ఇంట్లో కుట్టే మనిషి కొలతలు మీలో ఎవరికైనా తెలుసా?