గులాబీ ఊలు వల

శ్రీకాకుళంలో మే నెలలో ఊలు కొనేవాణ్ణి ఫ్యాన్సీ షాపువాడు జాలిగా చూస్తాడు. ఆ జాలి వృథా పోకుండా నేను గులాబీ రంగు అడిగాను. ఉన్నవాటిల్లో అదొక్కటే మెత్తగా ఉంది.

ఊలు మా అయ్యకి. కళింగపట్నంలో పడవ మీద బతికిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోతే, ఆయన్నీ అమ్మనీ నా అద్దెయింటికి తెచ్చుకున్నాను. కాలేజీలో పాఠాలు చెప్పే కొడుకుని కన్నందుకు ఆయనకి దక్కినవి ఫ్యాను కింద మంచం, ఫిజియోథెరపీ.

ఆయనకి కావలసింది ఒక్కటే. పడవెక్కకపోయినా సరే, ఒడ్డున కూర్చుని చిరిగిన వలలు బాగుచెయ్యాలి. చెయ్యి వస్తే ఆ పని ఆయనకే ఉంచుతామని పడవవాళ్ళు మాటిచ్చారు.

ఫిజియోథెరపిస్టు తేలికపాటి పనే చెప్పాడు. ఆ చేతి వేళ్ళకి ఊలు చుట్టాలి, మధ్యలో ముడెయ్యాలి, రెండు పక్కలా కత్తిరించి దులిపితే ముద్దబంతిలా విచ్చుకుంటుంది. వేళ్ళూ కదులుతాయి, గుమ్మానికి తోరణమూ తయారవుతుంది.

మొదటి బంతిని అయ్య ఎడమచేత్తో ఎత్తి చూశాడు. "ఒరే, దీనికి ఏటి సేపలు పడతాయిరా?"

"ఏవీ పడవులే అయ్యా. ఇది అందానికి."

"అందానికి మీ అమ్మున్నాది కదేటి."

వంటింట్లోంచి అమ్మ గరిటె చూపించింది.

కొన్నాళ్ళకి మా గుమ్మం పెళ్ళివారిల్లులా తయారైంది. నిజానికి చుట్టేది నేను, కత్తిరించేది అమ్మ. అయ్య చెయ్యి మాత్రం స్టాండుగా బాగా పనికొచ్చింది.

ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి కిటికీ ఊచకి జానెడు గులాబీ వల వేలాడుతోంది. ముడి ముడీ బిగిసి ఉంది. వల అల్లే వెదురు సూది అయ్య ఒళ్ళో ఉంది.

"ఎవరల్లేరయ్యా?"

"నాను కాపోతే మీ ప్రిన్సిపాలు అల్లీసినాడేటి?"

వల రోజూ కొంచెం పెరిగేది. నేను చెప్పులు విప్పకుండానే కిటికీ దగ్గరికి పోయేవాణ్ణి. నా ఎదుట అల్లమంటే, "నువ్వు సూత్తంటే సెయ్యి సిగ్గుపడతాది" అనేవాడు. నమ్మాను. నా చదువు ఎక్కడా అడ్డు రాలేదు. ఒడ్డుకి ఫోన్ చేసి, అయ్యకి అల్లుడి వరసయ్యే పడవతనికి చెప్పేశాను కూడా: చెయ్యి వచ్చేసింది, మావ వచ్చేస్తాడు.

ఆ ఆదివారం సరదాకి వలలో వేళ్ళు దూర్చాను. అయ్య వల కన్నుకి, ముళ్ళ మధ్య సందుకి, స్కేలు పెట్టి ఎరగడు. ఆయన వేళ్ళే కొలత. అరటికాయల్లాంటి వేళ్ళు. ఆయన మూడు వేళ్ళ కన్నులో చిన్నప్పుడు నా చెయ్యంతా దూరిపోయేది. ఈ కన్నులో సుద్దముక్కలు పట్టుకునే నా వేళ్ళు రెండే పట్టాయి. అవీ ఇరుగ్గా.

తిరిగి అమ్మ వేళ్ళ వైపు చూశాను. అమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"నువ్వొచ్చి ముందల ఆ సేతిని సూత్తావు. ఆ తరవాత మీ అయ్య మొకాన్ని సూత్తావు. ఆ సూపుకి ఆ మనిసి అన్నం తిన్నేకపోతన్నాడు. అందుకే అల్లినాను. పక్కనుండి ముడి ముడికీ ఆయనే సెప్పినాడు."

"తప్పులు కూడా పట్టినాను," అన్నాడు అయ్య మంచం మీంచి. కుడిచేతి మీదికి తువ్వాలు లాక్కున్నాడు. "ఒడ్డోళ్ళకి నువ్వే సెప్పీ. నా నోటితో నాను సెప్పనేను."

ఫోన్ చేశాను. అవతల సముద్రం హోరు.

"మావనెప్పుడు తెత్తన్నావు బావా? పెద్దవల సిరిగిపోనాది. ఎవుల్నీ ముట్టనియ్యకండా మావకోసరమే ఉంచినాం."

రాడు అని చెప్పడానికే ఫోన్ చేశాను. "ఇక్కడో వల మొదలెట్టాడు. అదయ్యాక," అన్నాను.

"అబ్బో! ఏ సేపకంట?" అన్నాడు, సంబరంగా.

కిటికీ వైపు చూశాను. అమ్మ బియ్యం పక్కన పెట్టి ఇంకో వరస మొదలెట్టింది. దాచడానికిక ఏమీ లేదు కదా, నా ఎదుటే అల్లుతోంది. అయ్య కళ్ళు ఆమె వేళ్ళ మీద ఉన్నాయి. తువ్వాలు కింద ఏదీ కదలడం లేదు.

"వదులైపోనాది," అంటున్నాడు. "ఇప్పీసి మళ్ళా ఎయ్యి."