లేచి నిలబడిన విల్బీ దొర

మా పక్కింటి ఏలియా మామకు ఒకటే జబ్బు. ఏ మాటనైనా తిప్పి తిప్పి విల్బీ దొర దగ్గరికే తెస్తాడు. జార్జి రాజుల కాలంలో ఇంగ్లండు పార్లమెంటులో మూల బెంచీ మీద కూర్చున్న ఎంపీ ఆయన. ఇంగ్లండే మరిచిపోయిన ఆ దొరను మా నాచారం మరవకుండా మామ చూసుకున్నాడు.

మామ సోషల్ టీచరుగా రిటైరయ్యాడు. కాలు ఒక చోట నిలవదు. పని లేకపోయినా షేర్ ఆటో ఎక్కి ఉప్పల్ దాకా పోయి వస్తాడు. అందులో ఎవరైనా నల్లా రావట్లేదంటే చాలు, దొర కథ మొదలు.

"విల్బీ దొర ఊర్ల ఓటర్లే పిడికెడు మంది. అందరు ఆయన మేనమామ కౌలుదార్లే! గెలిసిండు, పార్లమెంటుకు వోయిండు, సచ్చేదాక నోరు తెరిస్తే ఒట్టు!"

"మా దిక్కు లీడర్లు గూడ గంతే" అంటాడు డ్రైవర్ దుర్గేష్.

కథలో పడి దిగాల్సిన స్టాపు దాటిపోయి, మామను తిట్టుకుంటూ వెనక్కి నడిచేవాళ్లు రోజూ ఉంటారు. దొర విగ్గు తెల్లగా ఉండేదా అని ఎవరైనా అంటే మామకు మండుతుంది. "బూడిద రంగు! దొర ముచ్చట్ల అబద్ధమాడితే నాకు బువ్వ అరగదు."

ఈమధ్య మా అమ్మ సత్తమ్మకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లు పడ్డాయి. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుందన్నాడు డాక్టరు. అమ్మ మంచం దిగనంది.

"మత్తిస్తే మల్ల లేవను బిడ్డా. నేను రాను."

నేను పక్కింటికి ఉరికి మామను పిలిచాను. మామ వచ్చి గదిలో అటూ ఇటూ తిరిగాడు.

"అక్కా, ఒక్క ముచ్చట దాసిపెట్టిన. విల్బీ దొర ఒక్కపారి లేసి నిలబడ్డడు."

అమ్మ దిగ్గున లేచి కూర్చుంది. "గా మూగోడా? ఏమన్నడు?"

"గొంతు సవరించుకుండు. సభంత సప్పుడు బంద్. మిగతాది ఆపరేషన్ అయినంక జెప్త."

"నీ పాడుగాను!" అని తిట్టి, నన్ను ఆటో పిలవమంది అమ్మ.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మామ దవాఖానా వరండాను అరగదీశాడు.

"జర కూసో మామా. ఇంతకు దొర ఏమన్నడు?"

"ఏమంటడు అల్లుడా! సచ్చేదాక లేవనే లేదు. ఇప్పుడు అక్కకేం జెప్పాల్నో తోస్తలేదు."

ఆయన్ను గట్టిగా పట్టుకోవాలనిపించింది, కానీ నిలబడితే కదా.

కళ్లు తెరవగానే అమ్మ నన్ను చూడను కూడా లేదు. "ఏలియా, ఏమన్నడు?"

మామ మొదటిసారి కదలకుండా నిలబడ్డాడు. "'అందరు మంచిగున్నరా?' అన్నడక్కా. గంతే, కూసున్నడు."

అమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. "గీ ముక్క కోసం నేను కడుపు కోయించుకున్ననా!" అని కుట్లు పట్టుకుని నవ్వింది.

ఆ మధ్యాహ్నం దవాఖానా క్యాంటీన్‌లో మామ బువ్వ మారు అడిగి మరీ తిన్నాడు. శుభ్రంగా అరిగింది.