చేతులు లేని విగ్రహానికి చేతులు

చిత్రకళాశాలలో ఆమెను అందరూ సుద్దమ్మ అనేవారు. ఎప్పుడో ఐరోపా నుంచి ఓడలో వచ్చిన ప్లాస్టర్ విగ్రహాలను తడిగుడ్డతో తుడవడం ఆమె పని. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి పేరుకునేది. "ఇంకాస్త ఆలస్యమైతే నిన్నూ విగ్రహమనుకుని పీటెక్కించేస్తారే" అని నవ్వేవాడు సిటీ బస్సు నడిపే ఆమె భర్త.

ఎత్తైన కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడితే ఆ విగ్రహాలు ఊపిరి పీలుస్తున్నట్టుండేవి. వాటిలో చేతులు లేని ఆడమనిషి అంటే సుద్దమ్మకు ప్రాణం. "నీ చేతులు ఎక్కడ పోగొట్టుకున్నావే తల్లీ" అంటూ భుజాలు తుడిచేది. తుడుస్తూ తుడుస్తూ, ఏదో నీలి సముద్రపొడ్డున ఆ చేతుల కోసం ఇసుకలో వెతుకుతున్నట్టు కలలోకి జారిపోయేది.

ఆ ఏడు పట్నం నడిబొడ్డున దేశమాత విగ్రహం పెట్టాలని ఊరి పౌర సంఘంవాళ్ళు తీర్మానించారు. పని కళాశాలలో శిల్పం నేర్పే మాస్టారి మీద పడింది. ఆయన ఆ చేతులు లేని మనిషి నిలుచున్న తీరునే మట్టిలోకి తెచ్చి, మన ఆడపడుచు ముఖం పెట్టాడు. చేతుల దగ్గరికొచ్చేసరికి పని ఆగిపోయింది. కత్తి పెట్టి చూశాడు, జెండా పెట్టి చూశాడు. ఏదీ అతకలేదు.

ఒక మధ్యాహ్నం బల్ల అంచునున్న ప్లాస్టర్ తలకాయ జారింది. సుద్దమ్మ గుడ్డ వదిలేసి, రెండు చేతులూ చాచి, పసిబిడ్డను అందుకున్నట్టు అందుకుంది.

"అమ్మా, కదలకు! అలాగే ఉండు!" మాస్టారు కేకేశాడు.

"బరువుగా ఉంది మాస్టారూ!"

"తలకాయ ఇలా ఇచ్చెయ్. చేతులు మాత్రం దించకు."

ఆనాటి నుంచి రోజూ కాసేపు ఆమె చేతులు చాచి నిలబడేది, ఆయన మట్టి అద్దేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఒళ్ళు ఆ ఐరోపావాళ్ళది, చేతులు నావి. మరి ఈవిడ ఎవరి మనిషండీ?"

మాస్టారు ఇంకో మట్టిముద్ద తీసి నలిపాడు. "రాతికి ప్రాణమొచ్చినట్టు నిలబెట్టడం వాళ్ళ దగ్గరే నేర్చుకున్నానమ్మా. ఆ మాట ఎవరడిగినా చెబుతాను. నిలబడ్డాక ఏం చెయ్యాలన్నది మాత్రం మనం చూసుకోవాల్సిందే."

సంఘం అధ్యక్షుడు వచ్చి చూసి మొహం చిట్లించాడు. "ఖాళీ చేతులేంటండీ? గొప్ప దేశం అడుక్కుంటున్నట్టు లేదూ?"

"పడిపోయేవాళ్ళను పట్టుకుంటోందండీ," అన్నాడు మాస్టారు. అధ్యక్షుడు గొణుక్కున్నాడు గానీ, ఆవిష్కరణలోగా మార్చే వ్యవధి లేక ఊరుకున్నాడు.

ఆవిష్కరణ రోజు ఉదయం తెర జారగానే, కంచులో పోతపోసిన ఆ చేతులు ఎండలో మెరిశాయి. జనం మధ్యన నిలబడ్డ సుద్దమ్మకు తన చేతులు గాలిలో తేలిపోతున్నట్టనిపించింది. అంతలో కూడలిలో ఒక బస్సు ఆగింది.

"ఇక్కడ స్టాపు లేదు కదయ్యా, ఎందుకాపావ్?" ఎవరో ప్రయాణికుడు విసుక్కున్నాడు.

డ్రైవరు కిటికీలోంచి మెడ చాచి పైకి చూస్తున్నాడు. "ఒక్క నిమిషమండీ. అవి మా ఆవిడ చేతులు."

బస్సులోని తలలన్నీ ఒక పక్కకు ఒరిగాయి.