ఫారం అడుగున నేను గీసిన గీత

భావనపాడు దగ్గరి ప్రభుత్వాసుపత్రికి హెడ్‌నర్సుగా వచ్చి అప్పటికి ఆరేళ్ళు. రిటైర్‌మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. ఆ కార్తీకమాసంలో, ఆడవాళ్ళ ఆరోగ్య హక్కుల కోసం దేశదేశాల్లో పనిచేసే సంస్థ నుంచి ఒకావిడ వస్తున్నారని కబురొచ్చింది. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఇక్కడ ఎవరి చేతిలో ఉందో కనుక్కుని, విదేశంలో జరిగే సభలో చెప్తారట. ఆవిడకు తెలుగు రాదు. దుబాసీ పని నా మెడకు చుట్టుకుంది. హడావుడి పడి గోడలకు సున్నం కూడా వేయించాం.

ఆవిడ ఆడవాళ్ళను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి మాట్లాడారు. డాక్టరుగారూ నేనూ పక్కనే ఉన్నాం. మూడో మనిషిగా లోపలికొచ్చింది దానమ్మ. ముగ్గురు పిల్లల తల్లి, ఒంట్లో రక్తం లేని మనిషి. భర్త గుజరాత్ బోటు మీద చేపల వేటకెళ్ళాడు. గర్భం తీయించుకోవడానికి రెండు వారాల కిందట వస్తే, భర్త సంతకం తెమ్మని పంపేశాను. పన్నెండు వారాలు దాటితే మా దగ్గర చేయకూడదు, జిల్లా ఆసుపత్రికి పోవాలి. ఆమెకు మిగిలింది రెండు రోజులు.

"ఈ మేడంగోరే తిప్పీసినారు," అంది, నావైపు వేలు చూపించి. "మా ఆయన నడి సంద్రంలో ఉన్నాడు. పోను కలవదు. సంతకం ఎలగ తెచ్చీది? నాను సచ్చిపోతే పిల్లల్ని ఎవులు సూస్తారు?"

ఆవిడకు కాస్త మెత్తగా చెప్పండి సిస్టర్, అని డాక్టరుగారు గొణిగారు. మెత్తగా చెప్పడం ఎంతసేపు! కానీ దానమ్మ నా నోటికేసే చూస్తోంది. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. పంపింది నేనేనని కూడా చెప్పాను.

ఆవిడ కోప్పడలేదు. సంతకాలు పెట్టించే కాగితం చూపించమన్నారు. ఫారం-సి, అంటే సమ్మతి పత్రం, తెచ్చాను. అచ్చులో ఉన్నది ఒక్క సంతకానికే చోటు, గర్భం తీయించుకునే మనిషిది. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడదాన్ని చట్టం అడిగేది అంతే. దాని కింద 'భర్త సంతకం' అన్నది నా చేతిరాత. ఎప్పుడో ఒక మొగుడు వచ్చి, తనను అడక్కుండా ఎలా తీశారని నానా రభస చేశాడు. ఆ భయంతో అప్పట్నుంచి ప్రతి ఫారం మీదా స్కేలు పెట్టి నేనే ఒక గీత గీసేదాన్ని. రాను రాను అదే రూలని నమ్మేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

డాక్టరుగారు ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, థియేటర్ సిద్ధం చేయమన్నారు. గీత లేని కొత్త ఫారం మీద దానమ్మ అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

"ఇంతేనేటి మేడంగోరూ? దీనికేనా నన్ను పదేను రోజులు తిప్పినారు?" అంది. నేను తల వంచుకుని తేదీ వేశాను. సాయంత్రానికి ఆమె క్షేమంగా ఇంటికెళ్ళింది.

విదేశ సభలో చదివిన నివేదిక కాపీ ఆవిడ నాకు పంపారు. అందులో ఊరి పేరు లేదు, నా పేరూ లేదు. చట్టంలో లేని గీతను ఒక నర్సు గీసిందని మాత్రం ఉంది. చట్టంలో తప్పుంటే అడగడానికి ఆవిడలాంటివాళ్ళున్నారు. నాలా బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు గీసే గీతలు పై వాళ్ళెవరికీ కనపడవు. దానమ్మ మళ్ళీ వచ్చింది కాబట్టి నాకు తెలిసింది. అంతకుముందు నేను తిప్పి పంపినవాళ్ళ పేర్లు రాయడానికి మా ఆసుపత్రిలో ఏ రిజిస్టరూ లేదు.