నీళ్ళగది అల్లుడుగారు

ఆ డయాలసిస్ కేంద్రంలో అందరూ ఆయన్ని నీళ్ళాయన అంటారు. మిషన్ల హాలు వెనక, తలుపుకి అవతల, ట్యాంకుల మధ్య ఉంటాడు. ఊరి కుళాయి నీళ్ళు అక్కడికి వచ్చి, బొగ్గు నింపిన రెండు ట్యాంకుల్లో క్లోరిన్ వదిలించుకుని, సన్నటి పొరల్లోంచి వడగట్టుకుని, అప్పుడుగాని మిషన్లకు చేరవు. మొదటి పేషెంటు కుర్చీ ఎక్కకముందే ఆ బొగ్గు దాటిన నీళ్ళను గాజు గొట్టంలో పట్టి, మందు పొడి వేసి, తెల్లకాగితం ముందు పెట్టి చూడటం ఆయన పని. రంగు మారకపోతే క్లోరిన్ లేనట్టు. గులాబీ రంగు తేలితే ఉన్నట్టు. పదకొండేళ్ళలో ఒక్కనాడూ మారలేదు. ఒక్కనాడూ ఆయన మారదులే అనుకోనూ లేదు.

ఆ అనుమానం ఆయనతోపాటు అన్నిచోట్లకీ వెళ్ళేది. చుట్టాలింట్లో మంచినీళ్ళిస్తే గ్లాసు వెలుతురుకెత్తి చూసేవాడు. "వాళ్ళేం విషం కలపలేదు. ముందు తాగి చావండి" అని భార్య మోచేత్తో పొడిచేది.

ఈ ధోరణి బొత్తిగా గిట్టనివాడు ఆయన మామగారు. ముప్పై నాలుగేళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. "మా అల్లుడు ఆస్పత్రిలో" అని చెప్పుకునేవాడు గాని, ఏం పని అని గుచ్చి అడిగితే మాట మార్చేసేవాడు. తీరా మూత్రపిండాలు మొండికేశాక, వారానికి మూడు రోజులు అదే కేంద్రంలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. అక్కడా అల్లుడు ఎదురైతే పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఒకరోజు ఉదయం ఆరున్నరకు, మొదటి ట్యాంకు దాటిన నీళ్ళు గొట్టంలో గులాబీ రంగుకు తిరిగాయి.

నీళ్ళాయన రెండో ట్యాంకు దాటిన నీళ్ళు పట్టాడు. అక్కడా అదే రంగు. హాల్లోకి పరిగెత్తాడు.

"సిస్టర్, ఎవర్నీ మిషను ఎక్కించకండి. నీళ్ళు బాగాలేవు."

మామగారు అప్పటికే చొక్కా చెయ్యి మడిచి కుర్చీలో సిద్ధంగా ఉన్నాడు. "ఏడింటికి నా టైము. ఏడంటే ఏడే."

"ఇవాళ కుదరదు మామయ్యగారూ. నీళ్ళలో క్లోరిన్ ఉంది."

"ఉంటే? డెబ్భై ఏళ్ళుగా ఆ నీళ్ళే తాగుతున్నాను. నాకేమైంది?"

హెడ్ నర్సు నవ్వు దాచుకోడానికి గోడవైపు తిరిగింది.

అల్లుడు మాత్రం నవ్వలేదు. "మీరు తాగేది గ్లాసెడు, అదీ కడుపులోకి పోతుంది. ఇక్కడ ఒక్క విడతలో నూట ఇరవై లీటర్లు మీ రక్తం పక్కనుంచే పోతాయి. మధ్యలో ఉల్లిపొరంత అడ్డం. క్లోరిన్ అది దాటిందంటే రక్తకణాలు పగిలిపోతాయి."

అంతలో తుడుపుకర్ర పట్టుకుని ఆయా ముందుకొచ్చింది. "బాబూ, నిన్న నీ గొట్టాలు మాసిపోయి ఉన్నాయని బ్లీచింగు నీళ్ళతో తళతళలాడేట్టు కడిగిపెట్టాను. తప్పా?"

బ్లీచింగు అంటేనే క్లోరిన్. హాలు హాలంతా గొల్లుమంది. "అదీ సంగతి!" అన్నాడు మామగారు. "గొట్టం కడగడం చేతగాక మనల్ని ఆపేశారు అల్లుడుగారు."

"హమ్మయ్య! మొదలుపెట్టేదా మరి?" అంది హెడ్ నర్సు.

నీళ్ళాయనకు చెవులు వేడెక్కాయి. ఊఁ అంటే అక్కడితో గొడవ వదిలిపోయేది. ఊఁ అనాలనే ఉంది కూడా. "ఒక్క ఐదు నిమిషాలు" అని లోపలికి నడిచాడు. అల్లుడి ఓటమి కళ్ళారా చూద్దామని మామగారూ వెంటపడ్డాడు.

సీలు తీయని పెట్టెలోంచి కొత్త గొట్టం తీసి, రెండో ట్యాంకు నీళ్ళతోనే ఐదుసార్లు కడిగి, నింపి, పొడి వేశాడు. ఇద్దరూ తలలు ఆనించి చూశారు. నీళ్ళు మెల్లగా గులాబీ రంగుకు తిరిగాయి.

మామగారు గొట్టం వైపు వేలు చూపించాడు. "ఇది... నాలోకి పోయేదా?"

"పోయేది."

పెద్దాయన మడిచిన చొక్కా చెయ్యి విప్పి, మణికట్టు దగ్గర గుండీ పెట్టేసుకున్నాడు.

డాక్టరు వచ్చి ఆ విడత ఆపించాడు. నీటి సరఫరా ఆఫీసుకు ఫోన్ చేస్తే గుమాస్తా కాసేపు నీళ్ళు నమిలాడు. "నిన్న పైపు బాగుచేశామండీ. క్లోరిన్ కొంచెం ఎక్కువ పడింది."

"ఎంత ఎక్కువ?"

"కొంచెం... బాగా ఎక్కువే."

"మాకు ముందే చెప్పొద్దా?"

"మీరు మిషన్లకే కదండీ వాడేది, తాగరు కదా!"

నీళ్ళాయన ఫోన్ పెట్టేసి, ప్లంబరుని పిలిచి, పాత బొగ్గు తోడించాడు. స్టోరులోని కొత్త బొగ్గు బస్తాలు మోసి నింపారు. నల్లటి నీళ్ళు తేటపడేదాకా కడిగారు. ఈలోగా విసుక్కునేవాళ్ళను నడవాలో నిలబెట్టి సముదాయించింది మరెవరో కాదు, మామగారే. "మా అల్లుడుగారు ఊఁ అనేదాకా ఎవరూ కుర్చీ ఎక్కడానికి వీల్లేదు" అని వచ్చేపోయే నర్సుల్ని కూడా ఆపాడు.

పన్నెండున్నరకు గొట్టంలో రంగు తేలలేదు. మిషన్లకు వెళ్ళే నీళ్ళూ పరీక్షించాకే నీళ్ళాయన తలుపు తీశాడు. కళ్ళూ పళ్ళూ తప్ప ఒళ్ళంతా బొగ్గే. ఆయా కెవ్వుమని తుడుపుకర్ర ఎత్తింది. పేషెంట్లు ఒక్కొక్కరే కుర్చీలెక్కారు.

అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. తనవంతు వచ్చిన ప్రతిరోజూ మామగారు ఆరింటికల్లా నీళ్ళగది ముందు హాజరు. "ఏదో ఛాయ కనిపిస్తోందే" అంటాడు గొట్టంలోకి తొంగిచూసి.

"అది మీ ఎర్ర స్వెట్టరు మామయ్యగారూ."

స్వెట్టరు విప్పి వచ్చి మళ్ళీ చూస్తాడు. రిజిస్టరులో సంతకం పెడతానంటే డాక్టరు ఒప్పుకోలేదు, సొంత నోటుబుక్కు తెచ్చుకున్నాడు.

రెండు నెలలు ఓర్చుకున్నాక నీళ్ళాయన భార్యతో మొరపెట్టుకున్నాడు. "మీ నాన్నగారిని కాస్త కుర్చీలో కూర్చోమని చెప్పవే. నా తల తినేస్తున్నారు."

"నావల్ల కాదండీ" అంది ఆవిడ. "వంటింట్లోకి వెళ్ళి చూడండి. పొద్దున్నే వచ్చి మన మంచినీళ్ళ ఫిల్టరు విప్పుకుని కూర్చున్నారు."