బిస్కెట్ డబ్బా మూత

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ట్రామ్ నడిపే వీట్స్కె వెనకాలే రెండేళ్లు తిరిగింది ఆమె కుక్క మొప్పి. ఆ ఇంట్లో కప్పు కాఫీకి ఒక్క బిస్కెట్టే. తీసుకోగానే డబ్బా మూత పడాల్సిందే. మొప్పి కోసం మాత్రం వీట్స్కె మూత మళ్లీ తీసేది. “చూశావా, నేనంటే దానికి ప్రాణం!” అని మొగుడు గెర్లోఫ్‌ని ఉడికించేది.

తీరా చూస్తే ఆ ప్రేమంతా జబ్బేనట. మెదడు కింద పీయూష గ్రంథిలో కంతి పెరిగి, తీరని ఆకలి పుట్టిస్తోందట. డాక్టర్లు ఆ గ్రంథినే తీసేశారు.

ఇంటికొచ్చిన మొప్పికి, ఆపరేషన్ వల్ల కళ్లు పొడిబారకుండా, రోజుకు మూడుసార్లు కంట్లో చుక్కలు వేసేది వీట్స్కె. అందుకే ఆమెను చూస్తే చాలు, సోఫా కిందికి దూరుతోంది. పూచికపుల్ల కదపని గెర్లోఫ్ ఒళ్లో మాత్రం హాయిగా నిద్రపోతోంది.

“దానికేం మందు పెట్టావయ్యా?” అంది, కడుపు మండి.

“నేనేం చేశానే? పేపర్ చదువుకుంటున్నా.”

ఆమె మూత తీసి రెండో బిస్కెట్ చూపించింది. మొప్పి ఒక కన్ను తెరిచి, మళ్లీ మూసుకుంది.

అంతలో ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. “తిండి కోసం ఇంకా మీ వెంట పడుతోందా?”

“లేదు. గిన్నెలో పెట్టింది తిని ఊరుకుంటోంది.”

“అయితే పూర్తిగా నయమైనట్టేనండీ! శుభవార్త!”

“ఎవరికి?” అంది వీట్స్కె.