మేనమామ ఒడిలో తీసిన ఫోటోలు

నాచారంలో ఫోటోలు తీసే మొగిలయ్యకు ముప్పై ఏళ్లుగా ఒకటే అలవాటు. పొద్దున్నే స్నానం చేసి, కెమెరాకు చిటికెడు కుంకుమ పెట్టి, ఆ రోజు మొదటి ఫోటో గోడ మీది లక్ష్మీనరసింహస్వామి పటానిదే తీసేవాడు. అది చక్కగా పడితే ఇక ఆ రోజుకు భయం లేదు. జనగామ పక్క పల్లెలో ఏడో తరగతి దాకా చదివి, ఇక్కడి ఫ్యాక్టరీలో పనికి వచ్చి, అది మూతపడ్డాక కెమెరా పట్టినవాడు. ఆయన ఫోటోలు తీసిన పెళ్లిళ్ల పిల్లలు పెద్దవాళ్లై, తమ పెళ్లిళ్లకూ ఆయన్నే పిలుస్తున్నారు.

పోయిన మాఘంలో మేడిపల్లి కౌసల్యమ్మ తన కూతురి కొడుక్కి కొమురెల్లి మల్లన్న దగ్గర పుట్టువెంట్రుకలు తీయిస్తూ మొగిలయ్యను రమ్మంది. పాత మెమరీ కార్డు మొరాయిస్తోందని ఆయన ఉప్పల్ వెళ్లాడు. దుకాణదారు ఒక కార్డు ముందు పెట్టి, "అన్నా, ముప్పై రెండు జీబీదే గని అసలుది. జర నా మాటిని ఇదే తీస్కపో" అన్నాడు. దాని మీద సన్నని ఇంగ్లీషు అక్షరాలు, ఏవేవో అంకెలు. వాటి అర్థమేమిటో మొగిలయ్యకు తెలియదు. అడుగుదామనుకున్నాడు. పక్కన ఇద్దరు పడుచు ఫోటోగ్రాఫర్లు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు తెలియదనలేక కార్డును వెనక్కి నెట్టాడు.

"ముప్పై ఏండ్ల సంది తీస్తున్న. నువ్వు నేర్పుతవా నాకు?" అని నవ్వేసి బయటికి వచ్చాడు. రింగురోడ్డు దగ్గర తోపుడు బండి మీద నూట ఇరవై ఎనిమిది అని పెద్దగా రాసి ఉన్న కార్డు కనిపించింది. పెద్ద అంకె కదా అని అదే కొన్నాడు. మర్నాడు పొద్దున స్వామి పటం తీసి చూస్తే అద్దంలా పడింది.

కొమురెల్లిలో పిల్లవాణ్ణి మేనమామ, అంటే కౌసల్యమ్మ కొడుకు ఉపేందర్ ఒడిలో కూర్చోబెట్టగానే చుట్టాలంతా ఫోన్లు ఎత్తారు.

"ఫోన్లు లోపట పెట్టుండ్రి! నా ఫోటోల మీ చేతులే పడ్తున్నయ్. నేను సచ్చిన్ననుకున్నరా?" అని మొగిలయ్య కసిరాడు.

"ఫోటోల తమ్ముడు చెప్తుండు గదా," అంటూ కౌసల్యమ్మ అందరి ఫోన్లూ తన సంచిలో వేయించింది. ఆచారం ప్రకారం ఉపేందర్ పిల్లవాడి జుట్టుకు మొదటి మూడు కత్తెర్లు వేశాడు. పిల్లవాడు ఏడ్చాడు, వాణ్ణి చూసి మేనమామ కళ్లూ తడిశాయి. మొగిలయ్య అన్నీ తీశాడు. కెమెరాలో లెక్క పెరుగుతూనే ఉంది.

మూడో రోజు నాచారంలోని ఫోటోల ల్యాబులో పనిచేసే త్రివేణి ఆ కార్డును కంప్యూటర్లో పెట్టింది. బండి ఎక్కడం, బోనం వండడం, గుడి మెట్లు, అన్నీ ఉన్నాయి. ఆ తరువాత ఫోటోలకు బదులు బూడిదరంగు గళ్లే. ల్యాబులో ఇంకా నలుగురున్నారని ఆమె తెరను గోడవైపు తిప్పి, ఆయనకు కుర్చీ జరిపి, మంచినీళ్లు ఇచ్చి, గొంతు తగ్గించింది.

"కాకా, ఇది దొంగ కార్డు. మీద రాసింది నూట ఇరవై ఎనిమిది. లోపట నాలుగు గూడ లేదు. నిండినంక గూడ తీస్కుంటున్నట్టే సూపెడ్తది గని లోపట ఏం దాస్కోదు. కొన్నంక నింపి సూసినవా?"

"దేవుని పటం తీసి సూసిన బిడ్డా."

త్రివేణి నవ్వలేదు. "ఒక్కటి ఎందులనన్న పడ్తది కాకా," అని మాత్రం అంది. సాయంత్రం దాకా తనకు తెలిసినవన్నీ చేసి చూసింది. ఒక్క ఫోటో తిరిగి రాలేదు.

ఆ రాత్రి కౌసల్యమ్మ ఫోన్ చేస్తే, "ల్యాబ్‌ల మిషన్ ఖరాబైందమ్మా" అన్నాడు మొగిలయ్య. అంత తేలిగ్గా అబద్ధం వచ్చినందుకు తనకే వింతనిపించింది.

"ఫికర్ జెయ్యకు తమ్మీ. బువ్వ తిన్నవా?" అందామె.

ఆ మాట విని మొగిలయ్య ముందున్న కంచం పక్కకు జరిపాడు. మరో రెండుసార్లు అదే అబద్ధం చెప్పాడు. ఐదో రోజు త్రివేణే ఫోన్ చేసింది.

"కాకా, ఉపేందరన్న నాకు ఫోన్ జేసిండు. మీ మిషనే మా పిలగాని ఫోటోలు పాడుజేసిందని నోటికొచ్చినట్టు తిట్టిండు. నీ పేరు చెప్పుడు నాకు మంచిగనిపియ్యలే. ఊకున్న."

మొగిలయ్య ఫోన్ పెట్టేశాడు. కూతురి వయసు పిల్ల, తన తప్పుకు మాటలు పడి కూడా తన పేరు దాచింది. చొక్కా వేసుకొని వెంటనే మేడిపల్లి బస్సెక్కాడు. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు.

కౌసల్యమ్మ గుండు మనవణ్ణి ఒళ్లో పెట్టుకొని చందనం రాస్తోంది. మొగిలయ్య గడపలోనే నిలబడి, కార్డు సంగతి, దుకాణంలో అడగడానికి నామోషీ పడ్డ సంగతి, మిషను అబద్ధం, దానికి త్రివేణి పడ్డ తిట్లు, అన్నీ తలవంచుకొని చెప్పాడు.

ఆమె చేయి పిల్లవాడి తల మీద ఆగిపోయింది. "మామ ఒళ్లె కూసున్నయి?"

"పోయినయమ్మా."

"మూడు కత్తెర్లు ఏసినయి?"

"అవి గూడ. ఫోన్లు లోపట పెట్టిపిచ్చింది గూడ నేనే."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "లోపటికి రా తమ్మీ, ఎండల వచ్చినవు," అంది. "కెమెరనే ఖరాబైందని మావోనికి నేను చెప్త తియ్యి. వానికి కోపం జర ఎక్కువ."

మొగిలయ్య గడప దాటలేదు.

"గట్ల చెప్పకు అక్కా. నీ కాల్మొక్త. ఉపేందర్‌కు ఫోన్ కలిపి నా చేతికియ్యి. ఆ పిల్ల తప్పేం లేదని నేనే చెప్త."